వెనక్కి పిలిచే కేక

మా ఇంగ్లీషు టీచరమ్మ పోయిందన్న సంగతి నాకు మనిషెవరూ చెప్పలేదు. ఫోను చెప్పింది. పాత ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో ఎవరో పొద్దున్నే, మన ఇంగ్లీషు టీచర్ గారు ప్రభువునందు నిద్రించారు అని పెట్టారు. దాని కింద వరసగా దండాలు, గులాబీలు, కొవ్వొత్తులు. ఒకాయన, ఆమె లేని లోటు ఎవరూ పూడ్చలేనిదని రాశాడు. బడిలో ఉన్నన్నాళ్ళూ ఆమెకు పిచ్చి పట్టిందని చెప్పుకుని నవ్విన మనిషి ఆయన.

నిద్రించారన్న మాట దగ్గరే నాకు ఒళ్ళు మండింది. పాతికేళ్ళ పైన ఒకే స్టాఫ్‌రూములో పక్కపక్కన కూర్చున్నాం. భోజనాలయ్యాక అందరూ బల్లల మీద తలలు వాల్చి కునుకు తీస్తుంటే ఆమె మాత్రం లావుపాటి నిఘంటువు తెరిచి కూర్చునేది. అలాంటి మనిషి నిద్రపోయిందంటే నేను నమ్మను. చచ్చిపోయింది. పొలం నుంచి వచ్చి, వరండా మెట్టు మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటూ చచ్చిపోయింది. ఒక కాలు కడుక్కుందనీ, రెండో కాలికి బురద అలాగే ఉందనీ ఆమె మరదలు తరవాత నాకు చెప్పింది.

ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమని కొందరు అడిగారు. రాస్తున్నాను. అయితే ఆ మంచి మాటలు ఆమె వరకే. మిగిలినవాళ్ళ గురించి నా నోట మంచి మాట వస్తుందని ఎదురు చూడకండి.

మా బడి తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఉంది. నేను తెలుగు చెప్పేదాన్ని, ఆమె ఇంగ్లీషు. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను అమ్మీ అనేది, కోపం వస్తే తెలుగు పంతులమ్మా అనేది. కోపం తరచుగానే వచ్చేది. సన్నగా పొడుగ్గా ఉండేది, ఎండకీ వానకీ ఒకే నల్ల గొడుగు. గొంతు మాత్రం ఆ ఒంటికి మించింది. ఆమె ఆరో తరగతిలో పాఠం మొదలుపెడితే పదో తరగతిలో నా పద్యం ఆగిపోయేది. కాస్త నెమ్మదిగా చెప్పమని హెడ్మాస్టరు ఎన్నిసార్లు కబురు పెట్టినా చెవిన పెట్టలేదు. ఆయన చివరికి తనే వచ్చి అడిగితే, "నెమ్మదిగా చెప్తే నెమ్మదిగా మర్చిపోతారు అనుకోబాకండి సార్, ఎమ్మటే మర్చిపోతారు," అని ఆయనకే పాఠం చెప్పి పంపించింది.

పాఠంలో కొత్త మాట వస్తే అర్థం చెప్పి వదిలేసే రకం కాదు. ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎవరెవరి ఇళ్ళలో తిరిగింది, చిన్నప్పుడు ఏం పని చేసేది, ముసలితనంలో ఏం పని చేస్తోంది అని దాని వెనకాలే పోయేది. సిలబస్ పూర్తికాదని పిల్లల తండ్రులు గొణిగేవాళ్ళు. నిజంగానే పూర్తయ్యేది కాదు. మిగిలిన పాఠాలు పరీక్షల ముందు ఆదివారాలు పిలిచి చెప్పేది. చర్చి నుంచి నేరుగా బడికొచ్చి, తెల్లచీరకి సుద్దపొడి పూసుకుని ఇంటికి పోయేది.

ఒకసారి తొమ్మిదో తరగతి పుస్తకంలో, సముద్రాన్ని వెనక్కి నెట్టి నేల రాబట్టుకున్న ఏదో దేశం గురించి పాఠం వచ్చింది. అందులో రీక్లెయిమ్ అనే మాట. ఆ మధ్యాహ్నం ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి దీనికి తెలుగు చెప్పమంది. పునరుద్ధరణ అన్నాను. ముఖం చిట్లించింది. తిరిగి పొందడం, బాగుచేయడం, సాగులోకి తేవడం అని ఒక్కొక్కటే ముందు పెట్టాను. కూరగాయల అంగట్లో వంకాయలు ఏరినట్టు ఒక్కొక్కటే చూసి పక్కన పెట్టింది.

"అన్నీ బానే ఉండాయి గానీ, దేంట్లోనూ కేక లేదే," అంది.

కేక ఏమిటని అడిగాను. అడగడమే ఆలస్యం, గంట కొట్టేదాకా చెప్పింది. లాటిన్‌లో పుట్టినప్పుడు ఆ మాట పని ఎదురుతిరిగి అరవడమట. ఇది తప్పు, నేనొప్పుకోను అని నలుగురిలో గట్టిగా అరవడం. నాది అని అడిగే క్లెయిమ్, గోలచేసే క్లామర్, అన్నీ ఆ అరుపు వంశంలోవేనట. అక్కడి నుంచి ఫ్రెంచి వాళ్ళ ఇంటికీ, వాళ్ళ నుంచి ఇంగ్లీషు దొరల ఇంటికీ వచ్చేసరికి అది డేగల వేటలో చేరింది. వేటకు వదిలిన డేగ ఆకాశంలో ఎటో పోతుంది. కింద నిలబడ్డవాడు తోలు తొడుగు వేసుకున్న చెయ్యి చాచి, కేక వేసి దాన్ని వెనక్కి పిలవాలి. ఆ పిలుపు పేరు రీక్లెయిమ్. కొన్నాళ్ళకు, చెడు దారి పట్టిన మనిషిని మళ్ళీ దారికి తేవడానికి కూడా ఆ మాటే వాడుకున్నారు. ఇంకా చాలా కాలానికి, చిత్తడి నేలనీ బీడు నేలనీ లొంగదీసి దుక్కికి తేవడానికీ అదే మాట అయింది. ఇప్పుడైతే రైల్లో మర్చిపోయిన పెట్టెను ఇది నాది అని చెప్పి తెచ్చుకోవడానికి కూడా అదే.

"డేగ పోయె, తోలు తొడుగు పోయె," అంది ఆఖర్న. "కేక గూడా తీసేస్తే ఇంకేం మిగిలిందమ్మీ? పొయ్యింది దానంతట అది రాదు. పిలిస్తేనే వస్తాది."

అరుపులున్న మాట కాబట్టే నీకు నచ్చిందక్కా అని నేను ఆటపట్టించాను. ఒప్పుకుంది కూడా. ఆ తరవాత చాలా రోజులు స్టాఫ్‌రూములో ఎవరి పెన్ను పోయినా, ఎవరి గొడుగు మారిపోయినా, అరవండి, ఎందుకు అరవరు అని వాళ్ళ మీద పడేది.

పొలం సంగతి చెప్పకుండా ఆమె గురించి చెప్పడం కుదరదు. వాళ్ళ నాయన ఆమెకూ తమ్ముడికీ ఉమ్మడిగా వదిలిపోయింది రెండెకరాలు. పంట కాలువకి చిట్టచివర, సముద్రం వైపు. ఆమె పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. తమ్ముడికి నెల్లూరులో వేరే పని ఉంది కాబట్టి పొలం చూసుకునేది ఆమే. అందులో మొలగొలుకులు పండేవి. ఇప్పటి పిల్లలకు పేరు కూడా తెలియకపోవచ్చు. సన్నటి గింజ. చేతికి రావడానికి ఆరు నెలలు తీసుకుంటుంది, గాలికి పడిపోతుంది, దిగుబడి అంతంతమాత్రం. అన్నం వండితే మాత్రం పక్కింటికి తెలుస్తుంది.

ఏటా కోత పండగ నాడు వాళ్ళ చర్చిలో ఎవరి తొలి పంట వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెడతారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు, వడ్లు. వాళ్ళ నాయన మొలగొలుకుల బియ్యం కొత్త గంపలో పోసి పెట్టేవాడట. ఆయన పోయాక అక్క పెట్టింది. ఒక ఏడు నేను కూడా వెళ్ళాను. గంప దించి, చీర కొంగుతో అంచు తుడిచి, వెనక్కి వచ్చి కూర్చున్నప్పుడు ఆమె ముఖంలో ఉన్న గర్వం, ఆమె దగ్గర చదివిన పిల్లలు స్కూల్ ఫస్టు వచ్చినప్పుడు కూడా నేను చూడలేదు.

తరవాత రొయ్యల గుంటలు వచ్చాయి. మా ఇద్దరి దగ్గరా చదువుకున్నవాడే తెచ్చాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని గుంటలాయన అనే అంటారు, నేనూ అలాగే రాస్తాను. చుట్టుపక్కల పొలాలవాళ్ళు ఒకరి తరవాత ఒకరు ఆయనకు కౌలుకిచ్చారు. వాళ్ళను నేను తప్పుపట్టను, వడ్లు పండించి ఎవరూ మేడలు కట్టలేదు. కానీ మూడు వైపులా ఉప్పునీటి గుంటలు లేచాక మధ్యలో మిగిలిన ఆ రెండెకరాల గతి ఏమవుతుందో అడిగినవాడు లేడు. అక్క ఒప్పుకోలేదు కాబట్టి అది ఆమె కర్మ అన్నారు. రెండేళ్ళకే ఎండాకాలంలో మడి మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. నారు వేస్తే కొసలు మాడిపోయాయి. ఆ ఏడు కోత పండగకి ఆమె ఉత్త చేతులతో వెళ్ళి చివరి వరసలో కూర్చుంది. అంగట్లో కొన్న బియ్యం పెట్టమని పాస్టరమ్మ చెప్పి చూసిందట. కొన్నవి నా తొలి పంట ఎట్టవుతాయి అని అడిగిందట అక్క. అప్పటి నుంచి ఏటా ఉత్త చేతులే, చివరి వరసే.

రిటైరయ్యాక ఆమెకు ఒకటే పని. ఆ నేలలో మళ్ళీ మొలగొలుకులు పండించి, ఒక్క గంప బియ్యం తీసుకెళ్ళి బల్ల ముందు పెట్టాలి. అంతకు మించి ఆమె దేవుణ్ణి గానీ గవర్నమెంటును గానీ ఏమీ అడగలేదు.

ఉప్పు పట్టిన నేలను బాగుచేయడంలో మాయామంత్రం ఏమీ లేదు. జిప్సం చల్లాలి. గట్లు గట్టిచేసి కాలువ మంచినీళ్ళు నిలబెట్టాలి. ఉప్పు కరిగాక ఆ నీళ్ళను బయటికి పంపేయాలి. మళ్ళీ నిలబెట్టాలి, మళ్ళీ పంపాలి. తొలకరికి జీలుగ చల్లి, నడుమెత్తు ఎదిగాక ఎరువుగా నేలలోనే దున్నేయాలి. ఓపిక ఉంటే ఎవరైనా చేయొచ్చు, ఆమెకు ఓపిక ఉంది. కానీ ఆ ఉప్పునీళ్ళు పోవడానికి ఒక దారి ఉండాలి. పాత మురుగు కాలువ ఆమె పొలం చివర నుంచి, సముద్రంలో కలిసే ఉప్పు కాలువలోకి పోయేది. గుంటలాయన లారీలు తిరగడానికి దాని మీదుగా పెద్ద కట్ట పోయించాడు. నీళ్ళు పోయే దారి మూసుకుపోయింది. ఆమె కడిగిన ఉప్పు మళ్ళీ ఆమె పొలంలోనే ఇంకేది.

అప్పుడు మొదలుపెట్టింది అరవడం. పొద్దున పోయి కట్ట మీద నిలబడి, లెక్కలు చూసుకుంటున్న గుంటలాయన్ని ఒరేయ్ అని పిలిచేది. టీచరు కాబట్టి ఆయన లేచి నిలబడేవాడు, చేతులు కట్టుకునేవాడు, అట్నే మేడమ్ అనేవాడు, ఏమీ చేసేవాడు కాదు. అక్క ఇంటికి పోయి మళ్ళీ మర్నాడు వచ్చేది. వచ్చిన ప్రతిసారీ మడిలో నుంచి చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకుని, చూసి, ఉమ్మేసేది. ఊళ్ళో ఆమెకు ఉప్పు టీచరమ్మ అని పేరు పెట్టారు.

నేను చూడ్డానికి వెళ్ళిన ఒక రోజు ఇద్దరం కట్ట మీద కూర్చున్నాం. గుంటల మీద పక్షులు వాలకుండా తీగలు కట్టి ఉన్నాయి. అయినా కొంగలూ గద్దలూ వస్తూనే ఉన్నాయి. కాపలా మనిషి రేకు డబ్బా కొడుతూ హోయ్ హోయ్ అని అరుస్తున్నాడు. అక్క చాలాసేపు అతన్ని చూసింది. "ఆడ పక్షిని రమ్మని కేక, ఈడ పొమ్మని కేక," అంది. "ఇంత దూరం వచ్చినాక మాట ఎట్ట తిరగబడిందో చూడమ్మీ," అని నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

ఆ ఏడే ఊళ్ళో షామియానా వేసి ఒక సభ పెట్టారు. పై నుంచి ఎవరో అధికారి వచ్చాడు. బీడు నేలలను రీక్లెయిమ్ చేసి ఆదాయం తెచ్చినందుకని గుంటలాయనకు శాలువా కప్పారు. ఇంగ్లీషులో ఆ మాటే అన్నాడు అధికారి, రెండుసార్లు అన్నాడు. నేను అక్క పక్కనే కూర్చుని ఉన్నాను.  చెయ్యి పట్టుకుని ఆపుదామనుకునే లోపలే ఆమె లేచి నిలబడింది.

"బీడు ఎవురు చేసినారయ్యా దాన్ని?" అంది. "నా నాయన బీడు దున్నలేదు. మొలగొలుకులు పండించినాడు."

ఎవరో మైకు అందివ్వబోయారు, ఇంకెవరో లాగేసుకున్నారు. ఆమెకు మైకు ఎందుకు? ఆ మాట కథంతా, లాటిన్ నుంచి డేగ దాకా, డేగ నుంచి దుక్కి దాకా, తొమ్మిదో తరగతికి చెప్పినట్టే చెప్పింది. ఊళ్ళో సగం మంది ఆమె పిల్లలే కాబట్టి కొందరు అలవాటుగా చేతులు కట్టుకున్నారు, కొందరు నవ్వారు. ముసలమ్మకి మతి చెడిందని వెనక నుంచి ఎవరో అన్నది నాకూ వినిపించింది, ఆమెకూ వినిపించింది. ఆ అధికారి మాత్రం నవ్వలేదు. బహుశా తన ఊళ్ళో ఇలాంటి టీచరు ఒకామె ఆయనకూ ఉండి ఉంటుంది. సభ అయ్యాక ఆమెతో నడిచి పొలం దగ్గరికి వెళ్ళి చూశాడు.  వారం తిరక్కముందే కట్టకు అడ్డంగా గండి కొట్టించారు. మనుషులు దాటడానికి దాని మీద రెండు తాటిమొద్దులు వేశారు. ఆ గండిలో నుంచి ఆమె పొలంలోని నీళ్ళు ఉప్పు కాలువలోకి మొదటిసారి దూకిన రోజు నాకు ఫోను చేసి, ఫోను ఆ నీళ్ళ దగ్గర పెట్టి వినమంది. చాలాసేపు విన్నాను.

ఆ తరవాత నేల మెల్లగా దారికొచ్చింది. మొదట జీలుగ బాగా వచ్చింది. మరుసటేడు ఉప్పును తట్టుకునే రకం వరి వేస్తే గింజ కట్టింది. పోయిన ఆగస్టులో విడవలూరు వైపు ఎవరో ముసలాయన దగ్గర మొలగొలుకుల విత్తనం ఉందని తెలిసి, బస్సులో పోయి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. పైరు పొట్టమీద ఉంది, ఇంక కంకి వేయడమే అని కబురు చేస్తే డిసెంబరు మొదట్లో వెళ్ళాను. అదే ఆమెను చూడటం ఆఖరు. వరండాలో అప్పటికే కాగితం నక్షత్రం కట్టి ఉంది. పొలానికి తీసుకెళ్ళి చిటికెడు మట్టి నా అరచేతిలో పెట్టింది. నేను వెనకాడితే కళ్ళతోనే గద్దించింది. నాలుక మీద వేసుకున్నాను. ఏం రుచి అని అడిగింది. మట్టి రుచి అన్నాను.

"అదీ," అంది. ఆ ఒక్క మాటే. కళ్ళు తుడుచుకోవడానికి గొడుగు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఆ రోజు ఆమె తమ్ముడు కూడా ఉన్నాడు. తిరిగి వస్తూ తాటిమొద్దుల మీద ఆగి, కింద పోతున్న నీళ్ళు చూపించి, అతనితో నా ముందే అంది: "నాకేదన్నా అయితే మీరు ఏడవకపోయినా పర్లేదు అబ్బయా. ఈ గండి మాత్రం కనిపెట్టుకోండి."

అతను అట్లాంటి మాటలు మాట్లాడొద్దన్నాడు. కనిపెట్టుకుంటాననలేదు.

అంత్యక్రియలకు నేను వెళ్ళేసరికి పెట్టె ట్రాక్టరు మీదికి ఎక్కించారు. ఆ ఊరి క్రైస్తవుల సమాధులు ఉప్పు కాలువ పక్కన ఇసుక దిబ్బ మీద ఉంటాయి. పాత దారి గుంటల్లో కలిసిపోయింది కాబట్టి ఇప్పుడు గుంటలాయన కట్ట మీదుగానే పోవాలి. కట్ట మీద గండి ఉంది. తాటిమొద్దుల మీద మనుషులు దాటగలరు, ట్రాక్టరు దాటలేదు. అందుకని గుంటలాయన తెల్లారేసరికే మనుషులను పెట్టి గండి పూడిపించాడు. తాటిమొద్దులు తీసి పక్కన పడేశారు. పైన గ్రావెల్ తోలించి, నీళ్ళు చల్లించి, చదును చేయించాడు. ట్రాక్టరు కూడా ఆయనదే, డీజిలు కూడా ఆయనదే. ఎంత గౌరవం, చదువు చెప్పిన టీచరంటే ఎంత ప్రేమ అని ఊరంతా మెచ్చుకుంది. ఒక్క కుదుపు లేకుండా అక్క తన గండి మీదుగా తానే వెళ్ళిపోయింది.

సమాధి దగ్గర పాటలు అవుతుండగానే తమ్ముణ్ణి పక్కకు పిలిచి గండి రేపే తీయించమని చెప్పాను. తల ఊపాడు. గుంటలాయన విని దగ్గరికి వచ్చాడు.

"జ్ఞాపకార్థ కూడిక అయిందాకా ఉండనీండి తెలుగు మేడమ్," అన్నాడు. "చుట్టాలందరూ ఆ దారినే గదా సమాధి దగ్గరికి పోవాల. టీచరమ్మ పొయ్యిన దారి మట్టి ఆరకముందే తవ్వేస్తే ఊరు మనల్ని ఏమనుకుంటాది?"

ఇందులో ఆయన కపటం ఎంతో, నిజం ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. పూర్తిగా కపటమే అయితే నా కోపానికి పని సులువయ్యేది. తమ్ముడు నిజంగానే అలా అనుకున్నాడు, మరదలు అనుకుంది, పాస్టరు గారు కూడా అనుకున్నారు. పోయిన మనిషిని తీసుకెళ్ళిన దారిని కూడిక కాకముందే తవ్వడం వాళ్ళకు సమాధిని తవ్వినంత పని. పోయిన మనిషి ఆ దారి గురించే బతికున్నప్పుడు ఏం చెప్పిందో మాత్రం ఎవరికీ గుర్తుకు రాలేదు.

మూడో రోజు వాయుగుండం పట్టింది. మా వైపు డిసెంబరు వాన ఎలా ఉంటుందో మీకు తెలుసు. గుంటలు నిండి పొర్లబోతే, రొయ్య పోకుండా నీళ్ళు కిందికి దింపుకున్నారు. కిందికి అంటే అక్క పొలంలోకే. గండి తెరిచి ఉంటే ఆ నీళ్ళు వచ్చినవి వచ్చినట్టే ఉప్పు కాలువలోకి పోయేవి. ఇప్పుడు అక్కడే నిలబడ్డాయి, పొట్టమీదున్న పైరు మెడ దాకా. నేను తమ్ముడికి ఫోను చేశాను, కూడిక ఆదివారమే కదక్కా అన్నాడు. ఆటో చేయించుకుని ఆ వానలోనే వెళ్ళాను. పార పట్టే మనిషి ఒకణ్ణి కుదుర్చుకున్నాను. కట్ట దగ్గరికి వచ్చి, ఇదేనా టీచరమ్మను తీసకపొయ్యిన దారి అని అడిగాడు. అవునన్నాను. పార భుజానికెత్తుకుని, దీని మీద పార వెయ్యను తల్లీ, పిల్లలు గలవాణ్ణి అని చెప్పి వెళ్ళిపోయాడు. అరవై దాటిన నా చేతులకు తడిసి బిగిసిన గ్రావెల్ లొంగలేదు.

కూడిక బాగా జరిగింది. భోజనాలు బాగున్నాయని అందరూ అన్నారు. గుంటలాయన మాట్లాడాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తనకు ఇంగ్లీషు నేర్పింది ఆమేనన్నాడు. ఉప్పు తేలిన నేలను మా టీచరమ్మ ఒంటిచేత్తో రీక్లెయిమ్ చేసిందన్నాడు. మాట సరిగ్గానే పలికాడు. జనం చప్పట్లు కొట్టారు. అప్పటికి ఆ నేల నీళ్ళ కింద ఉంది. భోజనాలయ్యాక ఆ గట్టి దారి మీదుగానే అందరూ సమాధి దగ్గరికి వెళ్ళి పూలు పెట్టి వచ్చారు.

తరవాతైనా గండి తీశారా అంటే, తీయలేదు. పైరు ఎటూ పోయింది కదా, ఇంక తీసి ఏం లాభం అన్నాడు తమ్ముడు. కొన్నాళ్ళకు పొలం గుంటలాయనకే కౌలుకిచ్చినట్టు తెలిసింది. నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. నేను చుట్టాన్ని కాదు, రక్తసంబంధం అంతకన్నా కాదు. స్టాఫ్‌రూములో పక్క కుర్చీ.

కోత పండగకి నన్ను మరదలు పిలిచింది. అక్క పేరు మీద ఒక బస్తా బియ్యం పెడుతున్నామని చెప్పింది. వెళ్ళాను. అంగట్లో కొన్న బస్తా, దాని కుట్టు కూడా విప్పలేదు. దాని మీద అక్క ఫోటో ఆనించి, ఫోటోకి దండ వేశారు. నేను చివరి వరసలో కూర్చున్నాను. పాట మధ్యలో లేచి బయటికి వచ్చేశాను.

పొలం వైపు నడిచాను. కట్ట మీద గండి ఎక్కడుండేదో తెలిసేది పక్కన పడి ఉన్న తాటిమొద్దుల వల్లే. పొలం మూలలో పొక్లెయిన్ ఒకటి తొండం దించి ఆగి ఉంది, మర్నాటి నుంచి గుంట తవ్వుతారట. చావగా మిగిలిన మొలగొలుకులు అక్కడక్కడా గుంపులుగా నిలబడి ఉన్నాయి. కంకులు బయటికి వచ్చాయి గానీ అన్నీ తెల్లటి తాలు. ఒకటి తెంపి నలిపి చూశాను. లోపల ఏమీ లేదు. మడిలో చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకున్నాను. చెప్పక్కర్లేదు, ఉమ్మేశాను.

అప్పుడు అరిచాను. గుంటలాయన పేరు పెట్టి, తమ్ముడి పేరు పెట్టి, గండి తియ్యండిరా అని అరిచాను. పద్యాలు పాడి పాడి అరిగిపోయిన గొంతు నాది, అక్క గొంతు కాదు. గుంటల్లో ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్న చప్పుడులో అది ఎంత దూరం పోయిందో తెలియదు. మళ్ళీ అరిచాను. తాలు పైరులో వాలి ఉన్న కొంగలన్నీ ఒక్కసారి లేచి, గుంటల మీద ఆగకుండా, ఉప్పు కాలువ దాటి వెళ్ళిపోయాయి. అవతలి కట్ట మీద కాపలా మనిషి కొట్టబోతున్న డబ్బా కింద పెట్టి నా వైపు చూశాడు. అతని పని నేను చేసిపెట్టాననుకున్నాడు. రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టాడు.